మీ వీధిలో పార్కింగ్ గొడవ తగ్గించడం ఎలా? 12 అడుగుల తాడుతో మొదలుపెట్టండి

"మా గేటు ముందు ఎవరో కారు పెట్టి పోతున్నారు, ఏం చేయాలి?" నేను కాలనీ అసోసియేషన్ పని చూస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. కేపీహెచ్‌బీ నుంచి అడుగుతారు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి అడుగుతారు, విజయవాడ పటమటలో ఉండే మా బంధువులూ అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు మొత్తం ఒక్కచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. మీ గేటు ముందు సమస్యను మీరొక్కరే తీర్చుకోలేరు. అక్కడ లేపిన కారు పక్కింటి గేటు ముందుకు పోతుంది, రేపు వాళ్ళు లేపితే మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. వీధి మొత్తానికి లెక్క తేలాలి.

నాకు ఈ పట్టుదల ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. ఒక రాత్రి మా వీధి మొదట్లో అంబులెన్స్ ఆగిపోయింది. రెండు వైపులా కార్లు, మధ్యలో ఆటో పట్టేంత సందు. లోపల ఎనిమిదో ఇంట్లో పెద్దావిడకు గుండెనొప్పి. స్ట్రెచర్ అద్దాలకు తగులుతోందని ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకెళ్ళాం. ఆమె బతికారు. కానీ ఆ కుర్చీ కాలు ఒకటి పగిలి ఉండటం, ఆమె నా భుజం గట్టిగా పట్టుకోవడం నేను మరచిపోలేదు. ఆ వరసలో ఒక కారు నాదే.

కావలసినవి

- 50 అడుగుల టేపు. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది.
- సరిగ్గా 12 అడుగులకు కోసిన నైలాన్ తాడు. రెండు చివర్లా ముడి వేయండి.
- సుద్దముక్కలు, ఒక పెద్ద నోటు పుస్తకం.
- మీతో కలిపి ముగ్గురు. అందులో ఒకరు అద్దెకుంటున్నవాళ్ళు, ఒకరు వీలైతే ఏ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అయినా. ఏ బండి ఎవరిదో అతనికి తెలిసినంతగా మనకెవరికీ తెలియదు.
- మూడు వారాల ఓపిక.

1. రోడ్డు కొలవండి, కాగితం మీది వెడల్పు నమ్మకండి

లేఅవుట్‌లో 30 అడుగుల రోడ్డని ఉంటుంది. టేపు పెట్టి చూస్తే ఒకవైపు ర్యాంపు మూడడుగులు ముందుకొచ్చి ఉంటుంది, ఇంకోవైపు మొక్కల కోసం కట్టిన గట్టు, కరెంటు స్తంభం, ఎక్కడో ఒక ట్రాన్స్‌ఫార్మర్. బండి నిజంగా నడిచే వెడల్పు 23 అడుగులు మిగిలితే గొప్ప. వీధిలో కనీసం ఐదు చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోండి. సగటు తీయకండి. ఫైరింజన్ ఇరుక్కునేది అన్నిటికంటే ఇరుకైన చోటే.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రోడ్డు మీద తిరిగే బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు, అంటే సుమారు 8న్నర అడుగులు. పెద్ద ఫైరింజనైనా, వాటర్ ట్యాంకరైనా ఆ లోపే. డ్రైవరు తిప్పుకోవడానికి అటూ ఇటూ కొంత వదిలితే 12 అడుగుల ఖాళీ దారి కావాలి. ఆగి ఉన్న కారు అద్దాలతో, గోడకు వదిలే సందుతో కలిపి 7 అడుగులు తింటుంది.

- 26 అడుగులు, అంతకు మించి: రెండు వైపులా కార్లు పెట్టుకోవచ్చు.
- 19 నుంచి 26 మధ్య: ఒకవైపే.
- 19 కంటే తక్కువ: కార్లు అసలు వద్దు, టూ వీలర్లు గోడ వారగా.

మన కాలనీల్లో ఎక్కువ వీధులు రెండో రకంలోకే వస్తాయి. ఇది విన్నప్పుడు చాలామంది ముఖాలు మారతాయి. మారనివ్వండి. టేపు వాళ్ళ చేతికే ఇచ్చి కొలవమనండి.

2. మూడు సార్లు లెక్కపెట్టండి

మంగళవారం కానీ బుధవారం కానీ రాత్రి 11న్నరకు ఒకసారి, మర్నాడు పగలు 11 గంటలకు ఒకసారి, ఆదివారం సాయంత్రం 7 గంటలకు ఒకసారి. పండగ రోజు, పెళ్ళి ముహూర్తాలున్న రోజు, వాన రోజు వద్దు. ప్రతి బండికీ ఒక్క వరస రాయండి: ఏ ఇంటి ముందు ఉంది, నంబరులో చివరి నాలుగంకెలు, కారా టూ వీలరా, ఎవరిది. తెలియకపోతే "తెలియదు" అని రాయండి, ఊహించకండి.

మూడు పేజీలూ పక్కపక్కన పెడితే కథ దానంతటదే బయటపడుతుంది. రాత్రి ఉండి పగలు లేనివి వీధివాళ్ళవి. పగలుండి రాత్రి లేనివి పక్కనున్న ఆఫీసుకో, క్లినిక్‌కో, కోచింగ్ సెంటర్‌కో వచ్చినవాళ్ళవి. మూడు సార్లూ అంగుళం కదలకుండా ఉన్నవాటి చుట్టూ గుండ్రం చుట్టండి, వాటి సంగతి తర్వాత చూద్దాం.

ఇక్కడ జాగ్రత్త. అమీర్‌పేట, అశోక్‌నగర్ లాంటి చోట్ల హాస్టళ్ళు ఎక్కువ కాబట్టి రాత్రి కూడా సగం బైకులు "బయటివి" అనిపిస్తాయి. ఆ పిల్లలూ ఇక్కడే ఉంటున్నారు. వాళ్ళను వీధివాళ్ళలోనే కలపండి.

బండ్ల ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మా గ్రూపులో ఒకసారి అలా పెడితే, ఆ కారు డయాలసిస్‌కు వెళ్ళొచ్చే ఒకాయన్ని దింపడానికి వచ్చినదని తర్వాత తెలిసింది. క్షమాపణ చెప్పడానికి ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం.

3. లోపలి చోటు లెక్క తీయండి

అందరూ వదిలేసేది ఇదే, ఎక్కువ కార్లకు చోటు దొరికేదీ ఇక్కడే. ప్రతి అపార్ట్‌మెంట్ స్టిల్ట్‌లోకి (కింద స్తంభాల మధ్య పార్కింగ్ కోసం వదిలిన అంతస్తు), ప్రతి ఇంటి గేటు లోపలికి వాళ్ళ అనుమతితో వెళ్ళి చూడండి. ఎన్ని కార్ల చోటుంది, ఎన్ని నిలబడ్డాయి? మా వీధిలో మేం చూసినవి: పాత సోఫా, మడతపెట్టిన మంచాలు, ఇంటీరియర్ పనిలో మిగిలిన ప్లైవుడ్, వినాయక చవితి మండపం కర్రలు. అవన్నీ చల్లగా స్టిల్ట్‌లో ఉంటే, వాటి యజమానుల కార్లు రోడ్డు మీద ఎండలో ఉన్నాయి.

ఇంకొక కారణం ఉంది. స్టిల్ట్‌లో ఒకదాని వెనక ఒకటి పెట్టే స్లాటులుంటాయి. ముందు కారు తీయమని పొద్దున్నే పక్క ఫ్లాటు బెల్లు కొట్టడం ఇష్టంలేక లోపలి స్లాటువాళ్ళు బయటే పెట్టేస్తారు. దీనికి మందు సులువు. ఒకే ఇంటివాళ్ళ రెండు కార్లు ముందూ వెనకా వచ్చేలా స్లాటులు మార్చుకోవడం, లేదా ఉదయం ముందుగా వెళ్ళేవారు బయటివైపు పెట్టుకోవడం. మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఈ ఒక్క మార్పుతో మూడు కార్లు రోడ్డు మీద నుంచి లోపలికి వెళ్ళాయి.

కారు లేనివాళ్ళ స్లాటు పక్క ఫ్లాటువాళ్ళు నెలకింత అని మాట్లాడుకుని వాడుకోవచ్చు. అసోసియేషన్ పుస్తకంలో రాయించండి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత "ఆ చోటు మాదే" అనే మాట వస్తుంది. జపాన్‌లో 1962 నాటి చట్టం ఒకటుంది. నగరాల్లో కారు రిజిస్టర్ కావాలంటే పెట్టుకునే చోటు ఉందని చూపించాలి. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి రెండో కారు కొనేముందు ఈ మాట ఇంట్లో మనమే అడగాలి.

స్టిల్ట్‌నో సెల్లార్‌నో షాపుగా, గోడౌన్‌గా మార్చేశారని అనుమానముంటే మంజూరైన ప్లాను కాపీని సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే అది ఆఖరి మెట్టుగా ఉంచుకోండి.

4. చోటు ఎంతుందో బొమ్మ గీయండి

200 గజాల ప్లాటుకు సాధారణంగా 36 అడుగుల ముఖం ఉంటుంది. గేటుకు 12 పోతే 24 మిగులుతుంది. స్విఫ్ట్ 12న్నర అడుగుల పైచిలుకు, ఇన్నోవా 15న్నర. ముందూ వెనకా సందుతో కారుకు 18 అడుగులు వేసుకోండి. అంటే ఇంటి ముందు ఒక కారు, మిగతా ఆరడుగుల్లో రెండు బైకులు. వీధి మలుపుల దగ్గర కనీసం రెండు కార్ల పొడవు ఖాళీ వదలండి, లేకపోతే ట్యాంకరు తిరగదు, మలుపులో పిల్లల సైకిళ్ళు కనపడవు.

ఒకవైపే పార్కింగ్ అయితే ఏ వైపు? స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపే. అక్కడ ఎలాగూ బండి నడవదు. ఒకే వైపువాళ్ళ మీద ఎప్పుడూ భారం పడుతుందని అభ్యంతరం వస్తే నెల నెలా వైపు మార్చుకోవచ్చు. 1వ తేదీ మార్పు గుర్తుంచుకోవడం సులువు. మా వీధిలో ఈ పద్ధతి రెండు నెలలే నిలబడింది, స్తంభాలు అడ్డొచ్చాయి. మీ వీధి రెండు వైపులా సమానంగా ఉంటేనే ప్రయత్నించండి.

చోటు 20, కార్లు 26 అని తేలితే ఆ ఆరూ ఎక్కడికి వెళ్ళాలో మీటింగుకు ముందే ఆలోచించి ఉంచండి: ఖాళీ ప్లాటు యజమానితో మాట్లాడటం, రాత్రిపూట ఖాళీగా ఉండే స్కూలు ఆవరణ, కమ్యూనిటీ హాలు. ఖాళీ ప్లాటైతే శుభ్రం చేయించి వాడుకుంటామని, అడిగిన రోజు ఖాళీ చేస్తామని రాసివ్వండి. ఆ కాగితం లేకుండా ఏ యజమానీ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే.

5. ఆదివారం ఉదయం కూర్చోండి

10 గంటలకు, టీలతో. ఇంటి యజమానులతో పాటు అద్దెవాళ్ళు, డ్రైవింగ్ చేసే ఆడవాళ్ళు, క్యాబ్ నడుపుకునేవాళ్ళు, వాచ్‌మన్‌లు అందరినీ పిలవండి. రాత్రి రెండింటికి డ్యూటీ దిగే క్యాబ్ డ్రైవరుకు చోటు చెప్పకుండా చేసిన ఒప్పందం ఆ రాత్రే చెడుతుంది.

మొదట గేట్ల గొడవ ఎత్తనివ్వకండి. తాడు తీసి ఇద్దరి చేత పట్టించండి. "ఇంత దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, ఇది ఒప్పుకుందామా?" అని అడగండి. దీనికి కాదనేవాళ్ళను నేనింతవరకు చూడలేదు. అది ఒప్పుకున్నాక మిగతా మాటలు దాని కిందికే వస్తాయి.

"మా ఇంటి ముందు రోడ్డు మాదే" అనే మాట తప్పకుండా వస్తుంది. రోడ్డు మున్సిపాలిటీది, ఇంటి ముందున్నా మనది కాదు. కానీ గేటుకు అడ్డం పెట్టడం మాత్రం ఎవరికీ హక్కు కాదు. 2017 డ్రైవింగ్ నిబంధనలు ఫుట్‌పాత్ మీద, ఇంటి గేటు ముందు, ఆగి ఉన్న బండి పక్కన ఇంకో బండి ఆపడాన్ని స్పష్టంగా వద్దన్నాయి. ఈ రెండు మాటలూ కలిపి ఒకే గొంతుతో చెప్పండి.

ఇంకో విషయం ఆడవాళ్ళు చెబితేనే నాకు తెలిసింది. గేటు ముందు తెల్లవారుజామున కళ్ళాపి చల్లి ముగ్గు వేసే చోటు ఉంటుంది కదా, అక్కడ కారు ఉంటే ముగ్గు ర్యాంపు మీదికి వచ్చేస్తుంది, అది ఏటవాలుగా ఉంటుంది, కాలు జారుతుంది. ఒకామె అలాగే పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మేం గేటుకు అటూ ఇటూ ఒక్కొక్క అడుగు అదనంగా వదలాలని ఆ రోజే రాసుకున్నాం.

ఒప్పుకున్నవి అరపేజీ మించకుండా రాసి, సంతకాలు తీసుకుని, ప్రతి లిఫ్టు దగ్గరా అంటించండి.

6. గుర్తులు పెట్టండి

మొదటి నెల సున్నంతో గీయండి. నెల తర్వాత ఎక్కడ గీత తప్పో తెలుస్తుంది. శాశ్వతంగా రంగు వేయాలన్నా, నో పార్కింగ్ బోర్డు పెట్టాలన్నా మున్సిపాలిటీనీ ట్రాఫిక్ పోలీసులనూ అడగాలి. మనం సొంతంగా పెట్టిన బోర్డుకు చట్టంలో విలువ లేదు.

రాళ్ళు, పూలకుండీలు, సిమెంటు నింపిన డబ్బాలు, గొలుసులు రోడ్డు మీద పెట్టకండి. రాత్రి బైకు మీద వచ్చేవాడు వాటికి తగిలి పడితే ఆ పాపం మనదే, కేసూ మన మీదే. ప్రజల దారికి అడ్డం పెట్టినందుకు భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

ప్రతి కారు అద్దం వెనక ఒక కార్డు పెట్టించండి. ఫోన్ నంబరు రాయడం ఇష్టంలేని ఆడవాళ్ళు ఫ్లాటు నంబరు, వాచ్‌మన్ నంబరు రాస్తే చాలు. టూ వీలర్లకు హ్యాండిల్ లాక్ వేయకుండా ఉంటే పక్కకు జరపవచ్చు కానీ, దొంగతనాలున్న చోట ఆ మాట నేను చెప్పలేను.

7. బయటి బండ్ల సంగతి

పగటి లెక్కలో బయటివి ఎక్కువుంటే అవి ఎక్కడికి వస్తున్నాయో చూసి, ఆ క్లినిక్, ఆఫీసు, ఫంక్షన్ హాలు మేనేజరును ఇద్దరు వెళ్ళి కలవండి. నోటు పుస్తకం తీసుకెళ్ళండి. "రోజుకు పదకొండు కార్లు మీ దగ్గరికి వచ్చినవి మా వీధిలో ఉంటున్నాయి సార్, మీ సెల్లార్ ఎందుకు వాడట్లేదు?" అని లెక్కతో అడిగితే మాట నిలబడుతుంది.

గేటుకు అడ్డంగా తెలియని కారు ఉంటే అద్దానికి కాగితం పెట్టండి:

"నమస్తే. మీ బండి మా గేటుకు అడ్డంగా ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, రాత్రి ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే కారు బయటికి రాదు. దయచేసి మలుపు దాటాక ఎడమవైపు పెట్టుకోండి, అక్కడ చోటుంది."

చోటెక్కడుందో చెప్పడం ముఖ్యం. కాగితం వైపరు కింద పెట్టండి, జిగురుతో అద్దానికి అంటించకండి.

గాలి తీయకండి. ఎంత కోపమొచ్చినా సరే. గాలి తీసిన బండి అక్కడే ఉండిపోతుంది, మీ మీద పోలీస్ కంప్లైంట్ కూడా వస్తుంది.

8. కదలని బండ్లు

గుండ్రం చుట్టిన బండ్ల దగ్గరికి ఇప్పుడు వెళ్ళండి. టైరు మీదా దాని కింద నేల మీదా ఒకే గీత సుద్దతో గీసి తేదీ రాసుకోండి. పది రోజుల తర్వాత చూడండి. వాన పడితే గీత చెరిగిపోతుంది, టైరు పక్కన చిన్న రాయి పెట్టి ఫోటో తీసుకుంటే మేలు.

మా వీధిలో ఒక పాత మారుతి 800 ఉండేది. కవరు మీద మునగాకు రాలి ఎండి మళ్ళీ రాలి అట్టగట్టింది. నాలుగు టైర్లూ నేలకంటాయి, కింద పిల్లి ఈనింది, ఊడ్చే అమ్మ చీపురు దాని చుట్టూ తిరిగి పోయేది. చనిపోయిన తండ్రి బండి, కొడుకు వేరే దేశంలో. ఫోన్ చేస్తే అతను ఏడ్చేశాడు, ఎవరూ అడగలేదు కాబట్టి అలా ఉంచేశానన్నాడు. పదిహేను రోజుల్లో తీసుకెళ్ళే ఏర్పాటు చేశాడు. అందుకే ముందు ఫోన్ చేయండి.

యజమాని దొరకకపోతే మోటారు వాహనాల చట్టం, 1988లోని 127వ సెక్షన్ ఉంది. బహిరంగ స్థలంలో 10 గంటలు దాటి వదిలేసిన బండినీ, పార్కింగ్ నిషేధించిన చోట ఆపినదాన్నీ టోయింగ్ చేయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకు ఉంది. ఒక హెచ్చరిక: అక్షరాలా చదివితే రోడ్డు మీద రాత్రంతా ఉండే మన కారు కూడా ఇందులోకే రావచ్చు. కక్షతో ఈ సెక్షన్ వాడితే వీధి మొత్తం తగులుకుంటుంది.

9. ఫిర్యాదు చేయాల్సి వస్తే

దారి మూసుకుపోయి అత్యవసరమైతే 100 లేదా 112. రోజూ ఉండే సమస్యకు మీ ప్రాంత ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒకే ఉత్తరం, పదిహేను సంతకాలు, దానికి మూడు లెక్కల పేజీలు, వెడల్పు కొలతలు జతచేయండి. రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోవడం మరచిపోకండి. సంతకం లేని పదిహేను ఫోన్ కాల్స్ కంటే స్టాంపున్న ఒక కాగితం ఎక్కువ పని చేస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

అద్దెవాళ్ళను రెండో రకం మనుషుల్లా చూడటం అన్నిటికంటే పెద్దది. "ఓనర్లకే రోడ్డు" అని తీర్మానం చేసిన వీధి ఒకటి నాకు తెలుసు, అక్కడ నెలలో ఇద్దరు కొట్టుకున్నారు. రెండోది, అసోసియేషన్ పెద్దల కార్లకు మినహాయింపు. సున్నం గీతను మొదట దాటేది సెక్రటరీ కారే అయితే ఆ గీతను ఎవరూ గౌరవించరు. మూడోది, పెళ్ళిళ్ళు, గృహప్రవేశాల రోజుకు ముందే ఏర్పాటు లేకపోవడం. రెండు రోజుల ముందు గ్రూపులో చెప్పి, ఆ రోజుకు స్కూలు ఆవరణ అడగండి, తాడు వెడల్పు మాత్రం ఆ రోజు కూడా వదలండి.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

నెల తర్వాత అదే వారం, అదే టైముకు మళ్ళీ మూడు లెక్కలూ తీయండి. కార్ల సంఖ్య తగ్గకపోవచ్చు, దాని గురించి టెన్షన్ పడకండి. చూడాల్సింది గేట్లకు అడ్డం ఉన్నవి ఎన్ని, మలుపుల్లో ఉన్నవి ఎన్ని, కదలనివి ఎన్ని. పది కార్ల చోటులో ఎప్పుడూ ఒకటి ఖాళీగా కనపడుతుంటే చుట్టాలొచ్చినా గొడవ రాదు.

చెత్త తీసుకెళ్ళే స్వచ్ఛ ఆటో డ్రైవరును అడగండి, ఇప్పుడు వీధి చివరిదాకా రివర్స్ లేకుండా వెళ్ళగలుగుతున్నాడా అని. వాటర్ ట్యాంకరు అతన్నీ అడగండి. వాళ్ళకు మొహమాటం ఉండదు, ఉన్నది చెబుతారు.

ఇక తాడు. నెలకొకసారి రాత్రి 11న్నరకు ఇద్దరు చెరో చివర పట్టుకుని, బిగుతుగా లాగి, వీధి మొదటి నుంచి చివరిదాకా నడవండి. ఎక్కడైనా కారు అద్దానికి తగిలితే ఆగి, ఆ చోటు రాసుకుని, మర్నాడు పొద్దున వాళ్ళింటికి వెళ్ళి చెప్పండి, రాత్రి లేపకండి. మా తాడు మూడో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలో మేకుకు వేలాడుతుంటుంది. కిందటి నెల రెండు చోట్ల తగిలింది, అందులో ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొత్తగా వేసిన కంకర కుప్ప. దాన్ని తీయించే పని ఈ వారం ఉంది.